చట్టి మరిచిపోని వంటలు

హరప్పా ఊళ్లలో ఏం వండుకున్నారో ఎముకలూ మాడిన గింజలూ సగమే చెప్పాయి. మిగతా సగం కోసం శాస్త్రవేత్తలు కుండపెంకుల్ని పొడిచేసి చూస్తున్నారు. వాళ్లకు దొరుకుతున్న జవాబులు ఎవరి నమ్మకానికీ పూర్తిగా అనుకూలంగా లేవు.

చేపల పులుసు పెట్టిన చట్టిలో పాలు కాచరు. మట్టిపాత్రలు వాడిన ఏ ఇంట్లోనైనా ఒకరు చెప్పక్కర్లేకుండా తెలిసే సంగతి ఇది. బూడిదతో తోమినా, చింతపండు పెట్టి రుద్దినా, ఎండలో బోర్లించినా చట్టి గోడలోకి ఇంకిన పులుసు వాసన ఓ పట్టాన పోదు. అందుకే పాలకో కుండ, పులుసుకో చట్టి, మజ్జిగకో దుత్త విడివిడిగా ఉండేవి. కొత్త కుండ తెస్తే ముందు గంజి పోసి కాచి, సన్నటి రంధ్రాలు పూడ్చాకే వంటకు ఎక్కించేవాళ్లు. మెరుగుపూత లేని మట్టిపాత్ర తనలో వండినదాన్ని కొంత తాగేస్తుంది. వంటింట్లో అందరికీ తెలిసిన ఈ విషయం మీదే గత నలభై ఏళ్లలో ఓ శాస్త్రం నిలబడింది.

కుండ పగులుతుంది, పెంకు మిగులుతుంది. ఏ పాత దిబ్బను తవ్వినా గంపలకొద్దీ దొరికేవి పెంకులే. చాలాకాలం వాటి విలువంతా ఆకారంలో, రంగులో, మీది గీతల్లో ఉండేది. నలుపు-ఎరుపు పాత్రలు కనిపిస్తే ఫలానా కాలమని, రంగు గీతలు కనిపిస్తే ఫలానా ప్రాంతమని వరసలు పేర్చేవాళ్లు. తిండి సంగతి చెప్పే పని ఎముకలకూ మాడిన గింజలకూ వదిలేశారు. ఎముకను చూస్తే ఏ జంతువు చచ్చిందో తెలుస్తుంది, దాని పాలు పితికారో లేదో నేరుగా తెలియదు. మాడిన గింజను చూస్తే నిప్పులో ఏం పడిందో తెలుస్తుంది, దాన్ని వేయించారా, ఉడికించారా, పశువుకు పెట్టారా అన్నది తెలియదు. పొలానికీ నోటికీ మధ్య వంట అనే పెద్ద పని ఒకటుంది. అది జరిగిన చోటు కుండ.

పొయ్యి మీద కూర ఉడికేటప్పుడు కరిగిన కొవ్వు కాలిన మట్టిలోని సన్నటి రంధ్రాల్లోకి దూరుతుంది. కొవ్వు నీళ్లలో కరగదు కాబట్టి వానలకు కొట్టుకుపోదు. ఆ రంధ్రాల్లోకి సూక్ష్మజీవులు చేరడం కూడా కష్టం. అలా వేల ఏళ్లు ఉండిపోతుంది. పెంకు పైపొరను గీకేసి, లోపలి భాగం నుంచి రెండు గ్రాముల పొడి తీసి, ద్రావకాలతో కొవ్వును బయటికి లాగి, గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపితే ఏయే ఆమ్లాలున్నాయో విడివిడిగా కనిపిస్తాయి.

1991లో రిచర్డ్ ఎవర్షెడ్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఇంగ్లండ్‌లోని వెస్ట్ కాటన్ అనే మధ్యయుగపు పల్లె కుండల్లో క్యాబేజీ జాడ పట్టుకున్నారు. ఆ ఆకు మీద నీటిబొట్టు నిలవనీయని మైనపు పూత ఉంటుంది. అందులో ఉండే 29 కార్బన్ల గొలుసు పదార్థాలు పెంకుల్లో అలాగే దొరికాయి. తర్వాత కొత్త కుండల్లో క్యాబేజీ ఉడికించి చూస్తే, కొవ్వు అడుగున కంటే అంచు దగ్గర ఎక్కువగా చేరింది. మరిగే నీళ్ల మీద తేలే జిడ్డు అంచునే అంటుకుంటుంది కదా. అప్పటినుంచి ఈ పరీక్షకు మూతి పెంకునో, మెడ కింది పెంకునో ఎంచుకోవడం అలవాటైంది.

పాల ముద్ర

ఎవర్షెడ్ బృందం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది పాలను గుర్తుపట్టే పద్ధతి. పాత కొవ్వు శిథిలమయ్యాక మిగిలేవి ప్రధానంగా రెండు ఆమ్లాలు. 16 కార్బన్ల పామిటిక్ ఒకటి, 18 కార్బన్ల స్టియరిక్ రెండోది. మాంసంలోనూ ఇవే, వెన్నలోనూ ఇవే. మరి తేడా ఎలా తెలుస్తుంది? ఆవు పొదుగు పామిటిక్ ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకోగలదు. స్టియరిక్‌ను తయారుచేసుకోలేదు. మేసిన గడ్డిలోని కొవ్వు నెమరు పొట్టలో మారి, నెత్తురులో కలిసి వస్తే దాన్నే పాలలోకి పంపుతుంది. ఒంటి కొవ్వుకు ఈ ఇబ్బంది లేదు. దారులు వేరు కావడంతో, ఆ రెండు ఆమ్లాల్లో కార్బన్-13 అనే కాస్త బరువైన కార్బన్ పాళ్లు కూడా వేరవుతాయి. పాలలోని స్టియరిక్‌లో అది బాగా తక్కువ. పామిటిక్‌తో పోలిస్తే ఆ తగ్గుదల వెయ్యింటికి 3.1 దాటితే నెమరువేసే పశువు పాలని, అంతకంటే తక్కువైతే దాని ఒంటి కొవ్వని, 1 కూడా లేకపోతే పంది లాంటి నెమరువేయని జంతువు కొవ్వని లెక్క. 1998లో ఈ పద్ధతి బయటికొచ్చింది. ఒక పశువు శరీరంలో జరిగే చిన్న పని, ఆ పశువు చచ్చి ఏడెనిమిది వేల ఏళ్లు గడిచాక కూడా పెంకులో కొలతకు అందుతుంది!

ఈ కొలతతో చరిత్ర ఎన్నిచోట్ల మారిందో. 2008లో పశ్చిమాసియా, ఆగ్నేయ యూరప్‌లకు చెందిన 2,200కు పైగా పాత్రల్ని పరీక్షిస్తే, క్రీ.పూ. ఏడో సహస్రాబ్దిలోనే నేటి టర్కీలోని మర్మరా సముద్ర తీరంలో పాల వాడకం బలంగా ఉన్నట్టు తేలింది. పోలండ్‌లో దొరికిన చిల్లుల పెంకుల్ని చూసి అవి జున్ను వడగట్టే పాత్రలేమోనని పీటర్ బోగుకి అనే పురావస్తు శాస్త్రవేత్త 1980ల్లోనే ఊహించారు. 2012లో ఆ పెంకుల్లో పాలకొవ్వు దొరికింది. వాటి వయసు సుమారు ఏడు వేల ఏళ్లు. 2022లో యూరప్, దాని పరిసరాల్లోని 554 స్థలాల నుంచి 13,181 పెంకుల సమాచారాన్ని ఒకచోట చేర్చారు. పెద్దయ్యాక కూడా పచ్చిపాలను అరిగించుకునే జన్యులక్షణం జనంలో వ్యాపించడానికి వేల ఏళ్ల ముందే పాలు వాడారని అందులో స్పష్టమైంది. పాలు పడని ఒంటికి పెరుగు, జున్ను పడతాయి. పులిసినకొద్దీ, నీళ్లు వడగట్టినకొద్దీ కడుపును ఇబ్బందిపెట్టే లాక్టోజ్ చక్కెర తగ్గుతుంది. మజ్జిగ లేనిదే భోజనం ముగియని మనకు ఇందులో వింతేమీ కనిపించదు.

కుండ పుట్టిందే వ్యవసాయంతో అన్న నమ్మకం కూడా ఇలాగే చెదిరింది. జపాన్‌లో జోమోన్ కాలపు పాత్రల లోపల మాడిన 101 పెచ్చుల్ని గీకి చూశారు. 15,000 నుంచి 11,800 ఏళ్ల కిందటివి. పురావస్తు శాస్త్రవేత్త ఆలివర్ క్రెయిగ్ బృందం 2013లో ప్రకటించిన ఫలితం ప్రకారం వాటిలో ఎక్కువ చేపల కొవ్వే. పంట పండించని మనుషులు చేపల కోసం కుండ చేసుకున్నారన్నమాట.

ఫర్మాణా వంకాయ, రాఖీగఢీ మాంసం

ఇక మన దేశానికి వద్దాం. హరియాణాలో రోహ్‌తక్ దగ్గర ఫర్మాణా అనే ఊరుంది. అక్కడి హరప్పా నాటి ఊరినీ శ్మశానాన్నీ పుణెలోని డెక్కన్ కాలేజీ తరఫున వసంత్ శిందే నాయకత్వంలో తవ్వారు. అక్కడ దొరికిన వంటపాత్రల లోపలి అంటునూ, మనుషుల పళ్ల మీది గారనూ అరుణిమ కశ్యప్, స్టీవ్ వెబర్ అనే ఇద్దరు పరిశోధకులు సూక్ష్మదర్శిని కింద పెట్టారు. వాళ్లు వెతికింది కొవ్వు కోసం కాదు, పిండి రేణువుల కోసం. ఒక్కో మొక్క పిండి రేణువుకు ఒక్కో రూపం ఉంటుంది. ఉడికితే అది ఉబ్బి చెదురుతుంది. అందుకని తమ వంటిళ్లలోనే రకరకాల కూరలు వండి, ఏ రేణువు ఎలా పాడవుతుందో చూసి పోల్చుకున్నారు. పసుపు, అల్లం, వంకాయల జాడలు కనిపించాయని 2010 ప్రాంతంలో ప్రకటించారు.

దానితో ‘ప్రపంచంలోనే తొలి కూర’ అంటూ పత్రికలు రాశాయి. హరప్పా వంకాయ కూర తయారీ విధానాలు కూడా వచ్చేశాయి. ఉత్సాహం అర్థం చేసుకోదగ్గదే. నాలుగు వేల ఏళ్ల కిందట ఎవరో పసుపూ అల్లమూ వేసి వంకాయ వండారన్న ఊహ మనల్ని ఒక్కసారిగా వాళ్ల పొయ్యి పక్కన కూర్చోబెడుతుంది. అయితే ఒక పాత్రలో పసుపు, మరో చోట వంకాయ కనిపించినంత మాత్రాన రెండూ ఒకే పూట, ఒకే చట్టిలో కలిశాయని రుజువు కాదు. ఆ పాత్రలో వందల వంటలు జరిగి ఉంటాయి. మనకు ఖాయంగా తెలిసింది ఆ దినుసులు ఆ ఇళ్లకు చేరాయని. నాకు అదే చాలా పెద్ద సంగతిగా తోస్తుంది. మిరపకాయా టమాటా బంగాళాదుంపా అమెరికా ఖండాల నుంచి ఓడల్లో వచ్చి మహా అయితే ఓ ఐదు వందల ఏళ్లు. మన కూరలో వాటికంటే ఎంతో పాతవి పసుపూ అల్లమూ.

పదేళ్ల తర్వాత అదే ప్రాంతపు పెంకులు మరో కథ చెప్పాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన అక్ష్యేత సూర్యనారాయణ్, ఆమె సహ రచయితలు రాఖీగఢీ, ఫర్మాణా, మసూద్‌పూర్, లోహారీ రాఘో, ఖానక్, ఆలంగీర్‌పూర్‌ల నుంచి 172 పెంకుల్ని తీసుకుని కొవ్వు పరీక్షలు చేశారు. వీటిలో ఆలంగీర్‌పూర్ ఒక్కటే ఉత్తరప్రదేశ్‌లో ఉంది, మిగతావన్నీ హరియాణావే. 2020 డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. పాత్రల్లో జంతువుల కొవ్వే ఎక్కువ. ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెల మాంసపు కొవ్వూ, పంది కొవ్వును పోలినదీ, అక్కడక్కడ పాలకొవ్వూ ఉన్నాయి. పెద్ద నగరమైన రాఖీగఢీ పాత్రలకూ పల్లెల పాత్రలకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

మరుసటి రోజు శీర్షికలన్నీ ఒకటే: హరప్పా జనం గొడ్డుమాంసం తిన్నారు. వెంటనే రెండు శిబిరాలు బయల్దేరాయి. ఒక శిబిరానికి అది గెలుపు, మరొకదానికి అవమానం. ఆ వ్యాసంలో ఏముందో ఓపికగా చదివితే రెండువైపులా ఆలోచనలో పడతారు. హరప్పా స్థలాల్లో దొరికిన జంతువుల ఎముకల్లో ఆవు, గేదెలవి సగటున 50 నుంచి 60 శాతం. మేకలు, గొర్రెలవి 10 శాతం. కాబట్టి గొడ్డుమాంసం తిన్నారన్నది పెంకులు రాకముందే ఎముకలు చెప్పిన మాట, పెంకులు దాన్ని బలపరిచాయి అంతే. కాదనుకోవడానికి లేదు. కానీ పంది ఎముకలు రెండు మూడు శాతమే ఉన్నప్పుడు ఇన్ని పాత్రల్లో పంది కొవ్వును పోలిన గుర్తు ఎలా వచ్చింది? ఒకే చట్టిలో కొన్నాళ్లు మాంసమూ కొన్నాళ్లు నూనెగింజలో గింజధాన్యాలో వండితే, ఆ రెండూ కలిసి కొలతలో పంది కొవ్వులాగే కనిపించే అవకాశం ఉందని పరిశోధకులే రాశారు. పైగా పాలనూ మాంసాన్నీ విడదీసే గీతను మొదట గీసింది బ్రిటన్ పశువుల మీద. మన ఎండల్లో, మన మేతలు మేసిన పశువుల మీద అలాంటి కొలతలు ఇంకా విస్తారంగా జరగాలి.

శీర్షికలు వదిలేసిన మాట ఇంకొకటుంది, ఈ మొత్తం వ్యవహారంలో మన పాఠకులు తప్పక గుర్తుంచుకోవలసింది అదే. కొవ్వు పరీక్షకు కొవ్వున్న వంటే దొరుకుతుంది. మాంసంలో కొవ్వెక్కువ, గింజల్లో తక్కువ. ఏడాది పొడవునా సంకటి కెలికిన కుండలో రెండు పూటలు మాంసం ఉడికించినా, పెంకులో ఆ మాంసమే గట్టిగా కనిపిస్తుంది. గోధుమ, బార్లీ, పెసలు, సజ్జలు ఈ పద్ధతికి దాదాపు మూగవి. అంటే ‘పాత్రల్లో ఎక్కువ మాంసం కొవ్వు’ అనే వాక్యాన్ని ‘కంచంలో ఎక్కువ మాంసం’ అని చదవకూడదు. కంచంలోకి ముద్ద ఏ గింజతో వచ్చిందో చెప్పడానికి వేరే సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యాలూ ఒక్కొక్కటే వస్తున్నాయి. వరిగల్లో మిలియాసిన్ అనే పదార్థం ఉంటుంది. అది కొరియాలోనూ పోలండ్‌లోనూ పాత పాత్రల్లో దొరికింది. టర్కీలోని చాతల్‌హోయుక్ పెంకుల మీద, నీళ్లు మరిగీ మరిగీ పట్టిన సున్నపు పొరలో ప్రొటీన్లు నిలిచి ఉన్నాయని 2018లో కనుక్కున్నారు. వాటిని చదివితే బార్లీ, గోధుమ, బఠాణీలతో పాటు పాలూ బయటపడ్డాయి. ప్రొటీన్‌తో ఉన్న మేలేమిటంటే, ఫలానా జాతి పశువు పాలని కూడా కొన్నిసార్లు తేల్చిచెప్పగలదు.

పాల సంగతికొస్తే, హరియాణా పెంకుల్లో కొద్దిగా కనిపించిన పాలు గుజరాత్‌లో మాత్రం బాగా కనిపించాయి. కచ్‌లోని కోటడా భాడలీ అనే చిన్న ఊరి నుంచి 59 పెంకుల్ని టొరంటో విశ్వవిద్యాలయంలో కల్యాణ్ శేఖర్ చక్రబర్తి బృందం పరీక్షిస్తే మూడో వంతుకు పైగా పెంకుల్లో పాల ముద్ర ఉంది. క్రీ.పూ. 2500 ప్రాంతపు మాట. పశువుల పళ్లలోని కార్బన్ చూస్తే ఆవులూ గేదెలూ ఎక్కువగా చిరుధాన్యాల జాతి మేత తిన్నాయని తెలిసింది. అంటే వాటిని కట్టేసి, చొప్ప వేసి మేపి ఉండొచ్చు. హరప్పా నాగరికత అంటే మనకు ముద్రల మీది మూపురపు ఎద్దు గుర్తొస్తుంది. ఆ ఎద్దును కన్న ఆవును ఎవరు పితికారో, ఆ పాలు ఏ కుండలో కాగాయో ఈ పెంకుల వల్ల తెలుస్తోంది. అదీ ఏ నగరపు గొప్పింటి నుంచో కాకుండా ఓ పల్లె నుంచి.

నిన్నటి కూరా, నిరుటి కూరా

ఒక పెంకులో దొరికింది ఏ పూట వంట? ఈ ప్రశ్నకు జవాబు కోసం కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఏడుగురు ఏడాది పాటు వంట చేశారు. పూత లేని మట్టిపాత్రల్లో ఒక్కొక్కరూ సుమారు 50 సార్లు వండారు. ఎప్పుడూ ఒకే వంట. గోధుమ, మొక్కజొన్న, జింకమాంసం వగైరా. చివరికొచ్చేసరికి కొందరు వంట మార్చారు. 2020లో ఫలితాలు ప్రచురించారు. అడుగంటి మాడిన పెచ్చులో కనిపించింది చివరి వంట. లోపలి గోడ మీద పలచగా పేరుకున్న పొరలో ఇటీవలి వంటల కలగలుపు. గోడలోకి ఇంకిన కొవ్వులో మాత్రం ఎన్నాళ్లుగానో జరిగిన వంటల మొత్తం. కొత్త వంట దాన్ని అంత తేలిగ్గా తుడిచెయ్యలేకపోయింది.

అంటే ఒకే పెంకులో మూడు రకాల కాలం ఉంది. పురావస్తు శాస్త్రంలో ఇంత దగ్గరి చూపు చాలా అరుదు. రాజుల పాలనాకాలాలు శాసనాల్లో ఉంటాయి. ఓ ఇల్లాలు ఏళ్ల తరబడి ఏం వండిందో, కుండ పగిలే ముందు ఆఖరుసారి ఏం వండిందో తెలిపే శాసనం ఎక్కడా లేదు. అది పెంకులోనే ఉంది.

మన బూడిద దిబ్బల పొయ్యిలు

ఈ చూపు మన నేల మీద పడితే అడగాల్సిన ప్రశ్నలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. బళ్లారి, కర్నూలు, అనంతపురం, పాత మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బూడిద దిబ్బలున్నాయి. రాక్షసుల ఎముకలు కాలిన బూడిదని జనం చెప్పుకునేవాళ్లు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వితే అది పశువుల దొడ్డి అని తేలింది. మొద్దులు పాతి కట్టిన కంచె, పొరలుపొరలుగా కాలిన పేడ, మట్టిలో పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. నాలుగైదు వేల ఏళ్ల కిందట ఈ మెట్ట నేలలో పశువులే ఆస్తిగా బతికిన మనుషులు వాళ్లు. ఆ పశువుల్ని తిన్నారన్నది ఎముకల వల్ల తెలుసు. కర్ణాటకలోని బుదిహాళ్‌లో కె. పద్దయ్య తవ్వకాల్లో, జంతువుల్ని కోసిన నేలే బయటపడింది. పాల కథను చెప్పవలసినవి కుండలు.

వాళ్ల గింజల సంగతి డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య వంటివారి కృషి వల్ల తెలిసింది. బళ్లారి పక్కన సంగనకల్లులోనూ, కడప జిల్లాలోని పెద్దముడియం, హనుమంతరావుపేటల్లోనూ మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలిన మాడిన గింజల్ని ఏరారు. ఎక్కువగా వచ్చినవి అండుకొర్రలు, కొర్రకు దగ్గరి చుట్టమైన ఓ గడ్డిగింజ, ఉలవలు, పెసలు. వరి వాళ్ల ప్రధాన తిండి కాదు. ఉలవలూ పెసలూ అండుకొర్రలూ మచ్చికైంది ఈ దక్షిణాది మెట్టల్లోనే అని ఈ ఆధారాలు సూచిస్తున్నాయి. ఉలవచారు పెళ్లి భోజనాల్లో వడ్డించుకునే మనం ఆ మాట ఒకసారి నిలబడి వినాలి. కుండల ఆకారాలకూ పంటలకూ ఉన్న సంబంధం మీద ఫుల్లర్ 2005లో ఓ వ్యాసం రాశారు. కొత్త గింజ వస్తే కొత్త పాత్ర వస్తుందని అందులోని వాదన. గింజలు ఏరారు, పాత్రల ఆకారాలు చూశారు. ఆ రెంటినీ కలిపే అంటు పెంకు గోడలోనే ఉంది.

ఆ అంటును చదవాలంటే తవ్వకం దగ్గర పాటించాల్సిన పద్ధతులు పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. మామూలుగా తవ్వకంలో దొరికిన పెంకుల్ని బకెట్ల నీళ్లలో వేసి, బ్రష్షుతో రుద్ది, ఆరబెట్టి, సిరాతో అంకెలు రాసి ప్లాస్టిక్ సంచుల్లో కడతారు. గోడలోకి ఇంకిన కొవ్వు ఆ రుద్దుడుకు చాలావరకు తట్టుకుంటుంది. మాడిన పెచ్చూ పిండి రేణువులూ పోతాయి. ప్లాస్టిక్ నుంచి వచ్చే రసాయనాలు కొలతలో కలుస్తాయి. వట్టి చేత్తో పట్టుకుంటే మన చర్మపు జిడ్డులోని స్క్వాలీన్ అంటుకుంటుంది. అది పరీక్షలో కనబడిందంటే తవ్వినవాళ్ల వేళ్లే కనబడ్డట్టు. కాబట్టి కొన్ని పెంకుల్ని కడగకుండా, చేతొడుగుతో తీసి, అల్యూమినియం రేకులో చుట్టి, పక్కనే ఉన్న మట్టిని కూడా కాస్త పొట్లం కట్టి ఉంచాలి. మట్టిలోంచి వచ్చిన జిడ్డేదో, వంటలోంచి వచ్చిందేదో తేల్చుకోవడానికి ఆ పొట్లం కావాలి.

బనగానపల్లె దగ్గరి పాతపాడు పేరుతో పిలిచే రంగు గీతల పాత్రలు కర్నూలు ప్రాంతంలో దొరికాయి. వాటిలో కొన్ని గిన్నెలకు పక్కన పొడవాటి కాలువలాంటి మూతి ఉంటుంది. వంచుకోవడానికే చేసినట్టుంటుంది. పాలు వంచుకున్నారా, గంజి వంచుకున్నారా, పులియబెట్టిన పానీయమేదైనానా? పాలైతే తేల్చగల కొలత 1998 నుంచీ ఉంది. ఇకమీదట అక్కడ తవ్వేవాళ్లు ఆ మూతుల పెంకులు కొన్నింటినైనా బకెట్లో ముంచకుండా పక్కన పెట్టాలి.